ఆల్టో హ్యాండ్‌బ్రేక్ పైదాకా లాగినా బండి జారిపోతోంది, రెండుసార్లు కేబుల్ బిగించినా అంతే

వాల్తేరు_ఆల్టో:

అందరికీ నమస్తే. మాది 2006 మోడల్ ఆల్టో ఎల్‌ఎక్స్‌ఐ, నాన్నగారు కొన్న బండి, 2021లో ఆర్‌సీ రెన్యూ చేయించాం, ఇంజన్ ఇప్పటికీ బంగారంలా ఉంది. సమస్య అంతా హ్యాండ్‌బ్రేక్‌తోనే. మేం ఉండేది విశాఖలో పెద వాల్తేరు వైపు, ఇంటి ముందు రోడ్డు సమంగా ఉండదు, మంచి డౌన్. వేరే చోటు లేదు, బండి అక్కడే పెట్టాలి.

మూడు నెలల కింద ఓ రోజు సాయంత్రం హ్యాండ్‌బ్రేక్ లాగి, న్యూట్రల్‌లో వదిలేసి (తప్పే, ఒప్పుకుంటున్నా) కూరల సంచి దించుకుంటుంటే బండి మెల్లగా నా పక్క నుంచే వెళ్ళిపోయింది. పరిగెత్తి డోర్ పట్టుకున్నాను గానీ ఆపేవాణ్ణి కాదు, ఎదురింటివాళ్ళ గేటు పక్కన ఇసుక కుప్ప ఉండబట్టి సరిపోయింది. ఆ ఇంటి పెద్దావిడ అప్పట్నుంచి నేను కారు ఆపినప్పుడల్లా బయటికొచ్చి నిలబడి చూస్తుంది.

మర్నాడే దగ్గర్లో ఉన్న షెడ్డుకి తీసుకెళ్ళాను. లీవర్ కింద కవరు తీసి నట్టు నాలుగు తిప్పులు తిప్పి పది నిమిషాల్లో ఇచ్చేశాడు. పది రోజులు బాగానే ఉంది. మళ్ళీ లీవర్ పది పన్నెండు క్లిక్కులు వస్తేగానీ పట్టడం లేదు. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ బిగించాడు, ఈసారి ఇంకా గట్టిగా. ఇప్పుడు కొత్త తంటా. వెనక ఎడమ చక్రం వేడెక్కుతోంది, ఆగాక చెయ్యి పెడితే రిమ్ము కాలుతోంది, కాలిన వాసన కూడా. కుడి చక్రం మాత్రం చల్లగా ఉంటోంది. పెట్రోలు కూడా ఎక్కువ తాగుతున్నట్టు అనిపిస్తోంది. ఇంత బిగించాక కూడా డౌన్‌లో నిలబడటం లేదు!

షెడ్డు వాడు ఈసారి "లీవర్ అసెంబ్లీ మొత్తం మార్చాలి సార్" అంటున్నాడు. నిజమేనా? ముందు నేను ఇంట్లో ఏం చూసుకోవచ్చు? స్పానర్లు, జాకీ ఉన్నాయి, చేతికి మసి అంటితే బాధపడేవాణ్ణి కాదు.

ఆటోనగర్_పానా:

లీవర్ మార్చకండి. లీవర్ చెడిపోతే తెలిసిపోతుంది తమ్ముడూ, లాగి వదిలాక పై పళ్ళ మీద ఆగదు, జారి కిందికి దిగిపోతుంది. మీ లీవర్ ఎక్కడ ఆపితే అక్కడ ఉంటోంది కదా? అయితే లీవరు బాగుంది. గోల అంతా వెనక చక్రాల దగ్గర.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్ళుగా ఇదే పని చేస్తున్నా. పదిమంది హ్యాండ్‌బ్రేక్ అని వస్తే ఎనిమిది మందికి ఎవరో ఒకరు అప్పటికే కేబుల్ బిగించేసి ఉంటారు. సులువు కదా, పడుకోనక్కర్లేదు, చక్రం విప్పనక్కర్లేదు, డబ్బులు మాత్రం వస్తాయి.

మీరు చెయ్యాల్సింది ఇది. సమంగా ఉన్న చోట బండి పెట్టండి, మీ ఇంటి ముందు వద్దు. గేరులో ఉంచండి. ముందు చక్రాలు రెండిటికీ ముందూ వెనకా రాళ్ళో ఇటుకలో పెట్టండి. ఆల్టోకి ఇంజన్ తిప్పేది ముందు చక్రాల్ని, కాబట్టి గేరు వేస్తే ముందు చక్రాలు ఆగుతాయి, వెనకవి ఫ్రీగా తిరుగుతాయి, మనకి కావలసింది అదే. వెనక ఒక పక్క జాకీ ఎత్తి, కింద స్టాండో గట్టి చెక్క దిమ్మో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దించి చక్రం చేత్తో తిప్పండి. గీసుకుంటున్న చప్పుడు లేకుండా తిరగాలి. తర్వాత ఇంట్లో ఎవర్నైనా లోపల కూర్చోబెట్టి ఒక్కో క్లిక్ లాగమనండి, ప్రతి క్లిక్కికీ మీరు చక్రం తిప్పి చూడండి. ఎన్నో క్లిక్కికి బరువు తెలిసింది, ఎన్నో క్లిక్కికి కదలకుండా ఆగింది, ఓ కాగితం మీద రాసుకోండి. రెండో పక్కా అంతే. రెండు పక్కల అంకెలు పక్కపక్కన పెడితే సగం రోగం అక్కడే తెలిసిపోతుంది.

ఇంకోటి, ఇది జాకీ కూడా అక్కర్లేని పరీక్ష. ఇంజన్ స్టార్ట్ చేసి కాలి బ్రేకు నొక్కండి, పెడల్ ఎంత లోతుకి దిగిందో గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు హ్యాండ్‌బ్రేక్ లాగి ఉంచి మళ్ళీ నొక్కండి. ఈసారి పెడల్ బాగా పైనే ఆగిందంటే, వెనక చక్రంతో తిరిగే డ్రమ్ముకీ, దాన్ని లోపల్నుంచి పట్టి ఆపే షూకీ మధ్య ఖాళీ ఎక్కువైనట్టే. అప్పుడు పైన లీవర్ దగ్గరి నట్టు ఎంత బిగించినా వృథా.

కొండవాలు_కింగ్:

ఎందుకు బ్రో ఇంత టెన్షన్. ఫస్ట్ గేర్ వేసి వెనకాల ఇటుక పెట్టుకో, మా మావయ్య పదిహేనేళ్ళుగా అదే చేస్తున్నాడు. హ్యాండ్‌బ్రేక్ ఎవరు వాడతారు ఈ రోజుల్లో. కావాలంటే కేబుల్లోకి కాస్త ఇంజన్ ఆయిల్ పోయి, ఫ్రీ అయిపోతుంది.

డిపో_బాబాయ్:

పై బాబు చెప్పినట్టు చేయకండి. గేరు, ఇటుక మంచివే, అలవాటు చేసుకోండి, కానీ అవి హ్యాండ్‌బ్రేక్‌కి తోడు, దానికి బదులు కాదు. సిగ్నల్ దగ్గర ఎత్తు రోడ్డు మీద ఆగినప్పుడు కిందికి దిగి ఇటుక పెడతారా? పైగా నూనె కేబుల్ వెంట జారి డ్రమ్ములోకి దిగితే లైనింగు, అంటే షూ మీద డ్రమ్ముకి రాసుకునే పొర, పనికిరాకుండా పోతుంది.

నేను ఆర్టీసీ డిపో గ్యారేజీలో పనిచేసి రిటైరయ్యాను. బస్సుల్లో పార్కింగ్ బ్రేకు పద్ధతే వేరు, లోపల పెద్ద స్ప్రింగు ఉంటుంది, గాలి పట్టి దాన్ని వెనక్కి నెట్టి ఉంచుతుంది, గాలి పోతే స్ప్రింగే వచ్చి బ్రేకు పట్టేస్తుంది. చిన్న కార్లలో అలా కాదు, మన చెయ్యి లాగిన బలం కేబుల్ గుండా డ్రమ్ముదాకా పోతేనే ఉంది, దారిలో ఎక్కడ ఆగిపోయినా అక్కడితో సరి. కాబట్టి ఆ దారి మొత్తం చూడాలి.

డ్రమ్ములో ఏముంటుందో చెప్తాను, అర్థమైతే మీ షెడ్డు వాడు ఎక్కడ పొరపాటు చేశాడో మీకే తెలుస్తుంది. చంద్రవంక లాంటి రెండు షూలు ఉంటాయి. కాలి బ్రేకు నొక్కితే పైనున్న వీల్ సిలిండర్ ఆ రెంటినీ బయటికి తోస్తుంది. హ్యాండ్‌బ్రేక్ లాగితే కేబుల్ ఒక షూకి తగిలించిన చిన్న లీవర్‌ని లాగుతుంది, ఆ లీవర్ రెండు షూల మధ్య ఉన్న అడ్డపట్టీని తోస్తుంది, షూలు విచ్చుకుని డ్రమ్ముని పడతాయి. అంటే షూ ఒకటే, తోసేవాళ్ళే ఇద్దరు. లైనింగు అరిగే కొద్దీ ఆ అడ్డపట్టీ తనంతట తాను కొంచెం కొంచెం పొడుగవుతూ ఖాళీని పూడ్చుకుంటుంది, దాన్నే సెల్ఫ్ అడ్జస్టర్ అంటారు.

ఇప్పుడు అసలు సంగతి. షూ ఖాళీ చూడకుండా పైన కేబుల్ మాత్రమే బిగిస్తే, లోపలి చిన్న లీవర్ తన చోటికి పూర్తిగా వెనక్కి రాదు, ఎప్పుడూ సగం లాగినట్టే ఉండిపోతుంది. అడ్జస్టర్‌కేమో ఖాళీ ఏమీ లేదనిపిస్తుంది, ఇక అది కదలడం మానేస్తుంది. లైనింగు అరుగుతూనే ఉంటుంది, పట్టీ పొడుగవదు, పది రోజుల్లో మళ్ళీ లూజు, మళ్ళీ బిగింపు. మీకు జరిగింది సరిగ్గా ఇదే. అందుకే ముందు షూ, చివర కేబుల్. మేం కుర్రాళ్ళకి నేర్పేటప్పుడు నట్టు ముట్టుకుంటే చేతిమీద కొట్టేవాళ్ళం, డ్రమ్ము విప్పి చూశాకే ముట్టుకోవాలి.

ఎడమ చక్రం వేడి గురించి నిర్లక్ష్యం వద్దు. షూ రాసుకుంటూ వెళ్తోంది. ఆ వేడికి వీల్ సిలిండర్ రబ్బర్లు పాడవుతాయి, అవి కారితే హ్యాండ్‌బ్రేక్ సంగతి దేవుడెరుగు, కాలి బ్రేకే పోతుంది. తేలేదాకా ఆ నట్టు పూర్తిగా వదులు చేసి, గేరు ఇటుకలతోనే ఆపుకుంటూ, షెడ్డుకి తప్ప ఎక్కడికీ తిప్పకండి.

వాల్తేరు_ఆల్టో:

బాబాయ్ గారూ, పానా అన్నా, చాలా థాంక్స్. ఆదివారం పొద్దున్నే కాలేజీ గ్రౌండు పక్కన సమంగా ఉన్న చోటికి తీసుకెళ్ళి చూశాను. లోపల మా చెల్లిని కూర్చోబెట్టాను, "వన్... టూ..." అని గట్టిగా అరుస్తూ లాగింది, వాకింగ్‌కి వచ్చినవాళ్ళందరూ మమ్మల్నే చూశారు.

కేబుల్ వదులు చెయ్యకముందు లెక్క ఇది. ఎడమ పక్క హ్యాండ్‌బ్రేక్ దించి ఉన్నా చక్రం బరువుగానే తిరుగుతోంది, సర్ సర్ మని రాసుకుంటున్న చప్పుడు. మూడో క్లిక్కికే బాగా పట్టేసింది, కానీ చివరిదాకా లాగినా గట్టిగా తోస్తే కొంచెం జారుతోంది. కుడి పక్క అసలు విచిత్రం. పన్నెండు క్లిక్కులు లాగినా చక్రం హాయిగా తిరుగుతోంది! బరువే తెలియడం లేదు.

పెడల్ పరీక్ష కూడా చేశాను. మామూలుగా సగానికి పైనే దిగుతోంది, హ్యాండ్‌బ్రేక్ లాగి నొక్కితే కొంచెం పైన ఆగుతోంది, మరీ పెద్ద తేడా కాదు.

బండి కిందికి తల పెట్టి చూస్తే కుడి కేబుల్ పై తొడుగు వెనక ఇరుసు దగ్గర, సరిగ్గా వంపు తిరిగే చోట, చీలిపోయి ఉంది. లోపల ఎర్రగా తుప్పు. ఇంకో సంగతి, లీవర్ లాగి వదిలితే ఎడమ కేబుల్ వెనక్కి వెళ్తోంది, కుడిది ఉలకదు పలకదు.

ఆటోనగర్_పానా:

దొరికింది కదా దొంగ. కుడి కేబుల్ తొడుగులోపల పట్టేసింది. ఇన్నాళ్ళూ మీరు లాగిందంతా ఒక్క ఎడమ చక్రమే మోసింది. ఒక్క చక్రం డౌన్‌లో బండి బరువు ఎలా ఆపుతుంది? షెడ్డు వాడు బిగించినప్పుడల్లా ఎడమ షూ ఇంకాస్త నొక్కుకుంది, వేడెక్కింది. చివర్లో జారుతోందన్నారు చూశారా, అది నాకు నచ్చలేదు. లైనింగు కాలి అద్దంలా నున్నగా అయిపోయి ఉంటుంది, లేకపోతే తడిసి ఉంటుంది.

రెండు పక్కలా డ్రమ్ములు తియ్యాలి, తప్పదు. ఆల్టోలో బేరింగు డ్రమ్ములోనే ఉంటుంది, మధ్యలో దుమ్ము మూత కింద పెద్ద నట్టు, అది ఊరికే రాదు, తిరిగి బిగించేటప్పుడు కూడా సరైన టార్క్, అంటే కొలిచిన బిగింపు, కావాలి. టార్క్ రెంచ్ లేకపోతే ఈ ఒక్క పనీ షెడ్డులో చేయించండి, పక్కన నిలబడి చూడండి. కేబుల్ పూర్తిగా వదులు చేశాక కూడా డ్రమ్ము రాకపోతే సుత్తి పట్టుకుని బాదనివ్వకండి. వెనక ప్లేటుకి ఓ రబ్బరు బిరడా ఉంటుంది, అది తీసి సన్న స్క్రూడ్రైవర్‌తో లోపలి చిన్న లీవర్ ఇంకాస్త వెనక్కి పోయేలా చేస్తే షూలు దగ్గరికొస్తాయి, డ్రమ్ము వదులుతుంది.

డ్రమ్ము తీశాక లోపలి పొడిని గాలి కొట్టి ఊదనివ్వకండి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, ఊపిరితిత్తులకి మంచిది కాదు. బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవమనండి. మా షెడ్డులో కొత్త కుర్రాళ్ళకి ఇది చెప్పి చెప్పి నోరు పోయింది.

మిషిగన్_గోదారి:

మాది రాజమండ్రి, ఇప్పుడు మిషిగన్‌లో ఉంటున్నా, నా దగ్గర 2005 కరోలా ఉంది, సరిగ్గా ఇదే కథ. ఇక్కడ చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ నీళ్ళు కేబుల్ తొడుగు చీలికలోంచి దూరితే రెండు చలికాలాల్లో కేబుల్ బిగుసుకుపోతుంది. మీకు సముద్రపు గాలి, మాకు రోడ్డు మీద ఉప్పు, తేడా ఏం లేదు.

నేను చేసిన పిచ్చిపని చెప్తాను, మీరు చెయ్యకండి. కొత్త కేబుల్ కొనడానికి బద్ధకించి తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, అటూ ఇటూ లాగి ఫ్రీ చేశాను. నెల రోజులు బాగుంది. తర్వాత ఒక రాత్రి బాగా గడ్డకట్టింది, లాగిన కేబుల్ లాగినట్టే ఉండిపోయింది, పొద్దున్న వెనక చక్రం తిరగకుండా ఈడ్చుకుంటూ వీధి చివరిదాకా వెళ్ళాను. తుప్పు పట్టిన తీగ మళ్ళీ పట్టేస్తుంది, కేబుల్ మార్చెయ్యండి. వీలైతే రెండూ. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే సాగడంలో తేడా వచ్చి మళ్ళీ ఒక చక్రం ముందు పడుతుంది.

ఇంకో మాట, వానలో తడిసిన బండిని హ్యాండ్‌బ్రేక్ లాగి రోజుల తరబడి వదిలేస్తే షూ డ్రమ్ముకి అంటుకుపోతుంది. ఊరెళ్ళేటప్పుడు సమంగా ఉన్న చోట గేరులో వదిలి ఇటుక పెట్టి వెళ్ళడమే మేలు.

వాల్తేరు_ఆల్టో:

విప్పించాను, వేరే షెడ్డులో, పక్కన స్టూలేసుకుని కూర్చుని. ఫోటోలు తీశాను గానీ ఇక్కడ ఎక్కడం లేదు, మాటల్లోనే చెప్తాను.

కుడి డ్రమ్ము తీస్తే లైనింగు దాదాపు కొత్తదానిలా మందంగా ఉంది. లోపలి చిన్న లీవర్ తిరిగే పిన్ను దగ్గర తుప్పు పట్టి, వేలితో లాగితే కదల్లేదు, ప్లయర్‌తో లాగితే కిర్రుమంటూ కదిలింది. కేబుల్ విప్పి చేత్తో లాగి చూశాడు మెకానిక్కు, ఇద్దరం చెరో పక్క పట్టుకుని లాగినా తీగ బెత్తెడు కూడా జరగలేదు.

ఎడమది తీయగానే వాసన గుప్పుమంది. లైనింగు ఒక పక్క కాగితంలా అయిపోయింది, మిగతా చోట నల్లగా మెరుస్తోంది. బాబాయ్ గారు భయపెట్టినట్టే వీల్ సిలిండర్ రబ్బరు మూత కొంచెం ఎత్తి చూస్తే లోపల తడి. కింద షూ చివర కూడా తడిసి ఉంది. మెకానిక్కు వేలితో తాకి "గ్రీజు కాదు సార్, బ్రేక్ ఆయిలే, గ్రీజైతే జిగటగా ఉంటుంది, ఇది నీళ్ళలా ఉంది" అన్నాడు. షూని పెట్రోలుతో కడిగి గరుకు కాగితంతో రుద్ది వెయ్యొచ్చా అని అడిగాను, డబ్బులు మిగులుతాయని. ఒకసారి ఆయిల్ పీల్చుకున్న లైనింగు ఎంత కడిగినా వేడెక్కితే మళ్ళీ చెమట పట్టినట్టు పైకి వస్తుందన్నాడు. ఒక పక్కే మార్చినా కుదరదు, బ్రేకు కొట్టినప్పుడు బండి పక్కకి లాగుతుందన్నాడు.

చివరికి రెండు పక్కలా షూలు, రెండు కేబుళ్ళు, ఎడమ వీల్ సిలిండర్ కొత్తవి వేశాడు. కుడి చిన్న లీవర్ పిన్ను విప్పి శుభ్రం చేసి, మెటల్ తాకే చోట మాత్రమే వేడికి కరగని గ్రీజు బియ్యపుగింజంత పెట్టాడు. బాబాయ్ గారు చెప్పిన వరస (ముందు షూ, చివర కేబుల్) నేను ముందే చెప్పాను అతనికి, నవ్వి "నేను అలాగే చేస్తా సార్" అన్నాడు. డ్రమ్ములెక్కించి, బ్రేక్ పైపుల్లో గాలి పోయేలా బ్లీడ్ చేసి, పై నట్టు ముట్టుకోకుండానే కాలి బ్రేకు చాలాసార్లు నొక్కి వదిలాడు, లోపల అడ్జస్టర్లు తమ చోటికి వచ్చేదాకా. చక్రం తిప్పితే లైనింగు సన్నగా, చీర కుచ్చిళ్ళు నేలకి రాసినట్టు వినపడింది. అప్పుడు కేబుల్ బిగించాడు. ఇప్పుడు రెండు చక్రాలూ మూడో క్లిక్కికి బరువెక్కుతున్నాయి, ఆరో క్లిక్కికి కదలవు. లీవర్ దించితే రెండూ ఫ్రీ. పెడల్ కూడా పైకొచ్చింది, అది పాడైందని నాకసలు తెలియనే లేదు.

నిన్న ఇంటి ముందు డౌన్‌లో న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే లాగి, నేను లోపలే కూర్చుని, చెల్లిని బయట నిలబెట్టి చూశాను. కదల్లేదు. ఎదురింటి పెద్దావిడ గేటు దగ్గర నిలబడే ఉంది.

ఒక్క డౌటు మిగిలింది. హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దించాక కూడా డ్యాష్‌బోర్డులో ఎర్ర బ్రేకు లైటు అప్పుడప్పుడు వెలుగుతోంది. ఎప్పుడూ కాదు, డౌన్ దిగుతున్నప్పుడు, మలుపులో. లీవర్ కింద స్విచ్ సరిగ్గా కూర్చోలేదంటారా?

డిపో_బాబాయ్:

స్విచ్ అయితే సమంగా ఉన్న రోడ్డు మీదా వెలుగుతుంది, లీవర్ కొంచెం కదిపితే ఆరిపోతుంది. డౌన్‌లో, మలుపులో మాత్రమే అంటే ఆ లైటుకి ఇంకో పని కూడా ఉందని గుర్తు తెచ్చుకోండి. బ్రేక్ ఆయిల్ తగ్గినా అదే వెలుగుతుంది. బానెట్ కింద ఆయిల్ డబ్బాలో తేలే బిళ్ళ ఉంటుంది, ఆయిల్ తక్కువగా ఉంటే బండి వంగినప్పుడల్లా అది కిందికి దిగి లైటు వేస్తుంది. ముందు బానెట్ ఎత్తండి. మూత మీద ఏ డాట్ (బ్రేక్ ఆయిల్ రకం) రాసి ఉందో చూసి అదే పోయండి, సీలు విప్పి ఏడాదైన డబ్బా వద్దు, తేమ పీల్చుకుని ఉంటుంది. పోశాక రోజూ చూడండి, మళ్ళీ తగ్గితే ఎక్కడో కారుతున్నట్టు, అప్పుడు బండి తియ్యకండి.

వాల్తేరు_ఆల్టో:

బాబాయ్ గారూ, సరిగ్గా మినిమమ్ గీత కింద ఉంది! బ్లీడ్ చేశాక పొయ్యడం మర్చిపోయాడు. ఫోన్ చేస్తే నాలిక్కరుచుకుని తనే డబ్బా పట్టుకుని వచ్చాడు. చక్రాల లోపలి వైపు, పైపుల దగ్గర టార్చి వేసి చూశాం, ఎక్కడా తడి లేదు. గీతదాకా పోసి నాలుగు రోజులైంది, పొద్దున్నే బానెట్ ఎత్తి చూస్తున్నా, అక్కడే ఉంది. లైటు మళ్ళీ వెలగలేదు.